ఐదు శ్రుతిని వదిలేశాకే పాట తిరిగొస్తుంది

పదిహేను, ఇరవై ఏళ్లు పాట మానేసి మళ్లీ వేదిక ఎక్కుదామనుకున్న గాయని మొదట చేసే పని, అటక మీంచి శ్రుతి పెట్టె దించి దుమ్ము తుడవడం. రెండో పని, దాన్ని పాత ఐదు శ్రుతి దగ్గరే పెట్టడం (శ్రుతి అంటే పాట నిలబడే ఆధార షడ్జం, అంకె పెరిగే కొద్దీ అది హెచ్చు). కాలేజీ పోటీల్లో ఐదు, రేడియోలో పాడినప్పుడు ఐదు, ఇప్పుడూ ఐదే. మొదటి వారం ఉత్సాహంలో ఏమీ తెలీదు. రెండో వారం తార షడ్జం (పై స్థాయి 'స') దగ్గర మెడ నరాలు తేలతాయి. మూడో వారానికి పొద్దున్న లేస్తే గొంతు పలకదు. "ఇక మన వల్ల కాదులే" అని పెట్టె మళ్లీ అటకెక్కుతుంది. అక్కడ గొంతు చేసిన తప్పేమీ లేదు. తప్పంతా శ్రుతి పెట్టిన చోటే ఉంది.

ఆడవాళ్లకి నెలసరి ఆగే వయసులో స్వరతంతువుల పై పొర కాస్త ఉబ్బి మందమవుతుంది. వీణ మీద సారణి (మొదటి సన్న తీగ) కంటే మంద్రం తీగ లావుగా ఎందుకుంటుందో ఇక్కడా అదే లెక్క. లావైన తీగ నెమ్మదిగా కంపిస్తుంది, గొంతు కిందికి దిగుతుంది. మగవాళ్లకి అరవై దాటాక జరిగేది దీనికి తలకిందులు. తంతువులు పలచబడి మధ్యలో పూర్తిగా మూసుకోవు, గాలి కారుతుంది, గొంతు సన్నబడుతుంది. వాళ్లకి శ్రుతి దించినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు, ఆ మూత బిగిసేలా సాధన చెయ్యాలి. ఇద్దరికీ ఉమ్మడిగా పోయేది వేగం. స్థాయి కంటే ముందు పోయేది అదే. మూడో కాలంలో (అన్నిటికన్నా వేగమైన నడకలో) బిర్కాలు (గబగబా దొర్లే స్వరాలు) అలికేసినట్టు వస్తుంటే స్థాయి తగ్గిందనుకుని పైకి సాగదీయడం చాలామంది చేసే పొరపాటు.

శ్రుతి లెక్క అంకెల్లో చూస్తే బాగా బోధపడుతుంది. ఐదు శ్రుతి షడ్జం సుమారు 196 హెర్ట్జ్. నాలుగున్నర 185, నాలుగు 175, దాని కింది అరమెట్టు మూడు (మూడున్నర లేదు) 165. అరమెట్టుకి (అరశ్రుతికి) పది హెర్ట్జే కదా, అదెంత అనిపిస్తుంది. కానీ తార పంచమం (పై స్థాయి 'ప') మధ్య స్థాయి షడ్జానికి మూడు రెట్లు. అంటే ఐదు శ్రుతిలో అది 588, నాలుగున్నరలో 555. కింద పదకొండు తగ్గిస్తే పైన ముప్పై మూడు తగ్గింది. మెడ నరాలు తేలేదీ, తేలనిదీ ఆ ముప్పై మూడులోనే.

కొత్త శ్రుతి తేల్చుకోవడానికి ఒక్క పూట చాలదు. పొద్దున్నే గొంతు బరువుగా ఉంటుంది కాబట్టి సాయంత్రం కూర్చోండి. ఇరవై నిమిషాలు మెల్లగా సాధన చేశాక తంబురా నాలుగు దగ్గర పెట్టుకుని, అకారంలో మంద్ర పంచమం (కింది 'ప') నుంచి తార మధ్యమం (పై 'మ') దాకా వెళ్లి రండి. మంద్ర పంచమం గాలిలా కాకుండా నాదంలా వినపడాలి. తార మధ్యమానికి గడ్డం పైకి లేవకూడదు, కనుబొమలు ముడిపడకూడదు. ఎదురుగా అద్దం పెట్టుకుంటే అబద్ధం చెప్పదు. రెండూ సులువుగా వస్తే అరశ్రుతి పెంచి చూడండి, పైది రాకపోతే అరశ్రుతి దించండి, కిందిది రాకపోతే పెంచండి. వరసగా మూడు సాయంత్రాలు చేసి, వచ్చిన మూడింటిలో తక్కువది తీసుకోండి, ఎక్కువది కాదు. కచేరీ నాడు కంగారుకి గొంతు బిగుస్తుంది, ఆ కాస్త వెసులుబాటు అప్పుడు అక్కరకొస్తుంది.

పాత క్యాసెట్లో తన పాట విని "అప్పుడు ఐదున్నరలో పాడానే" అనుకునేవాళ్లకి ఒక మాట. టేపు నడిచే వేగం ఏ మాత్రం హెచ్చినా శ్రుతీ పెరుగుతుంది, కాలమూ (పాట నడిచే వేగమూ) పెరుగుతుంది. పాత టేపు రికార్డర్లలో మోటారు వేగం తేడాగా ఉండటం మామూలే. ఆ క్యాసెట్టుని తర్వాత ఫోన్లోకి ఎక్కించుకుంటే తప్పు కూడా దాంతోపాటే ఎక్కింది. మీరు కొలుచుకుంటున్న ఆ పాతికేళ్ల గొంతు నిజానికి ఐదే అయి ఉండొచ్చు, నాలుగున్నరైనా కావచ్చు.

శ్రుతి దించితే జనం ఏమనుకుంటారోనన్న బెంగ మన విశాఖలో మరీ ఎక్కువ. దానికి కారణం లేకపోలేదు. సుశీల 1935లో పుట్టింది పక్కనున్న విజయనగరంలో. 1919లో పెట్టిన అక్కడి మహారాజా వారి సంగీత కళాశాలలోనే ఆమె చదివింది, ఘంటసాలా చదివాడు. ఆ పాటలతో పెరిగిన జనం ముందు వరసలో కూర్చుని పెదాలు కదుపుతుంటారు. అయినా ఒకటి గమనించండి. పాటని రెండు అరమెట్లు దించి పాడితే పట్టుకునేది కీబోర్డు వాయించే కుర్రాడొక్కడే. కాలం కాస్త నెమ్మదిస్తే మాత్రం వెనక వరస దాకా తెలిసిపోతుంది, చప్పట్ల ఊపు తగ్గుతుంది. ఊపిరి చాలక చరణాన్ని సాగదీసే కన్నా శ్రుతి దించి అసలు కాలంలో పాడటం ఎన్నో రెట్లు మేలు.

ఈ లెక్క సినిమా వాళ్లకి ముందే తెలుసు. యాభైల్లో వెలిగిన జిక్కి చాలా ఏళ్లు తెర వెనక్కి వెళ్లిపోయాక 1991లో 'సీతారామయ్యగారి మనవరాలు'లో, 2001లో 'మురారి' పెళ్లి పాటలో మళ్లీ వినిపించింది. రెండుచోట్లా ఆమెని పాతికేళ్ల పిల్లలా పాడమనలేదు. ఇంటి పెద్దావిడ గొంతు ఉండాల్సిన పాటలో ఆ గొంతునే పెట్టారు, పక్కన చిన్న గొంతులు నిలిపారు. తిరిగొచ్చేవాళ్లు పాటలు ఎంచుకోవడానికి ఇంతకన్నా మంచి నమూనా నాకు కనపడదు. మంగళహారతులు, అధ్యాత్మ రామాయణ కీర్తనలు, తత్త్వాలు, అన్నమయ్య జోలలు, ఇవన్నీ వయసొచ్చిన గొంతులో ఒక పాలు ఎక్కువే పలుకుతాయి. తార స్థాయిలో గిరికీలు కొట్టే తిల్లానాలని ఏడాది పాటు పక్కన పెట్టండి.

సాధనకి ముందు ఒకసారి గొంతు డాక్టరుకి చూపించుకోవాలి. పెదవాల్తేరులో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉంది, ప్రైవేటు డాక్టర్లకీ ఊళ్లో కొదవ లేదు. "నేను పాడతాను" అన్న సంగతి మొదటే చెప్పండి, అప్పుడే తంతువుల కదలికని కెమెరాతో చూస్తారు. వీలుంటే స్ట్రోబోస్కోపీ (తంతువుల కంపనాన్ని నెమ్మదిగా చూపించే పరీక్ష) అడగండి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే పాట మాట తర్వాత, ముందు పరీక్షే. థైరాయిడ్ తగ్గితే గొంతు బరువెక్కుతుంది కాబట్టి ఆ రక్త పరీక్ష కూడా చేయించుకోండి. వాడే మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. బీపీకి ఇచ్చే రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి మాత్రలు కొందరికి వదలని పొడి దగ్గు తెస్తాయి. నెలల తరబడి దగ్గుతూ, కషాయాలు తాగుతూ, సంగతి తెలీక సాధనని తిట్టుకునేవాళ్లున్నారు. మాత్ర మీరుగా ఆపకండి, డాక్టరే వేరేది రాస్తారు. జలుబుకి వేసుకునే సెట్రిజిన్ గొంతు ఆరబెడుతుంది, కచేరీ రోజు దాని జోలికి పోవద్దు. ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చేవాళ్లు పీల్చిన వెంటనే నీళ్లు పుక్కిలించి ఉమ్మాలి, లేకపోతే మందు గొంతులో నిలిచి బొంగురు తెస్తుంది.

ఇక కడుపులోంచి పైకి ఎగదన్నే పులుపు. మన భోజనాలకి ఇది తప్పదు. రాత్రి పదింటికి ఆవకాయ అన్నం తిని పదిన్నరకి పడుకుంటే తెల్లారేసరికి తంతువుల వెనక భాగం వాచి ఉంటుంది. భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండాలి, మంచం తలవైపు కోళ్ల కింద ఆరంగుళాల ఎత్తు పెట్టాలి. రెండు దిండ్లు వేసుకుంటే నడుం వంగి పొట్ట నొక్కుకుంటుంది తప్ప లాభం లేదు.

మొదటి రెండు వారాలు పాటన్నదే వద్దు. కొబ్బరి బోండాం బండి మీద ఇచ్చే లావు స్ట్రా ఒకటి తెచ్చుకోండి. గ్లాసులో నీళ్లు పోసి, స్ట్రా కొసని రెండు వేళ్ల లోతు ముంచి, నోట పెట్టుకుని 'ఊ' అని నాదం చెయ్యండి. బుడగలు ఒకే తీరుగా రావాలి. ఆగి ఆగి వస్తే ఊపిరి కుదుపుగా ఉందన్నమాట. మధ్యలో ముక్కు మూసి చూడండి. నాదం మారితే గాలి ముక్కులోంచి పోతోంది, అంగిలి ఎత్తాలి. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి జారుతూ మూడు నిమిషాలు, రోజుకి ఐదారు సార్లు. చూసేవాళ్లకి పిల్లల ఆటలా ఉంటుంది గానీ దీని వెనక పని ఉంది. నీటి బరువు ఊపిరిని కాస్త వెనక్కి నెడుతుంది, ఆ ఒత్తిడికి తంతువులు ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకోకుండా తేలికగా తాకుతాయి. దెబ్బ తగలకుండా కండరం కదులుతుంది.

మూడో వారం నుంచి సరళీ వరసలు, మొదటి రెండు కాలాల్లోనే, అకారంలో. ఇరవై నిమిషాల చొప్పున రెండు పూటలా. గంట ఏకబిగిన కూర్చోవద్దు. ఆ వరసలు పాడే రాగం మాయామాళవగౌళలో శుద్ధ రిషభం షడ్జాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. చాలాకాలం వదిలేసిన గొంతు దాన్ని పైకి జార్చేస్తుంది, ఆ సంగతి పాడేవాళ్ల చెవికి తెలీదు. ఫోన్లో రికార్డు చేసి వినండి. శ్రుతి చూపించే యాప్‌ని నిలిపిన స్వరాలకే వాడండి, గమకం మీద పెడితే ముల్లు పిచ్చిగా ఊగి మిమ్మల్నీ కంగారు పెడుతుంది. వాక్యం చివర్లో స్వరం దిగుతోందంటే అది చెవి లోపం కాదు, ఊపిరి ముందే అయిపోతోంది. రెండో నెలలో అలంకారాలు మూడో కాలం, తర్వాత ఒక వర్ణం. కీర్తనకి మూడో నెల దాకా ఆగాలి. ఆగలేరని తెలుసు, కనీసం అనుపల్లవి (కీర్తనలో పైకెక్కే రెండో భాగం) జోలికి పోకండి.

రోజూ పొద్దున చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది, అర నిమిషం పని. తార షడ్జం పైన ఏదో ఒక స్వరాన్ని వీలైనంత సన్నగా, పక్క గదికి వినపడనంత మెల్లగా 'ఊ' అని తునకలు తునకలుగా పలకండి. వెంటనే పలికితే గొంతు బాగున్నట్టు. ముందు గాలి వచ్చి, ఆలస్యంగా నాదం అందుకుంటే తంతువులు వాచాయి, నిన్నటి సాధన ఎక్కువైంది. ఆ రోజు స్ట్రా తప్ప ఇంకేమీ వద్దు. గట్టిగా పాడితే ఈ వాపు బయటపడదు, అందుకే గట్టి గొంతున్నవాళ్లే ముందు దెబ్బ తింటారు. గుసగుసగా మాట్లాడితే గొంతుకి విశ్రాంతి అనుకోవద్దు, మౌనమే విశ్రాంతి. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం మానాలి. ఘాటు పిప్పరమెంటు బిళ్లలు చప్పరిస్తే చల్లగా అనిపించి లోపల ఆరిపోతుంది, పటికబెల్లం ముక్క నయం. వేదిక మీద గుక్కెడు నీళ్లు తాగితే నోరు తడుస్తుందే తప్ప ఆ నీళ్లు తంతువుల మీంచి పోవు. తడి అక్కడికి చేరాలంటే కొన్ని గంటల ముందు నుంచి తాగాలి, లేదా ఆవిరి పట్టాలి.

జనం ముందు మొదటి పాట ఒంటరిగా వద్దు. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలో పంచరత్నాల గోష్ఠి గానం ఉంటుంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, అయిదూ కలిపి దాదాపు గంట. అందరూ పాడుతుంటే మీకు కష్టమైన చరణంలో ఊపిరి తీసుకుని తర్వాతి దాంట్లో కలవొచ్చు, ఎవరూ చూడరు. జనం, మైకు, నేల మీద బాసింపట్టు, పక్కవాళ్ల తాళం, అన్నీ ఒకేసారి అలవాటవుతాయి. బాసింపట్టు చిన్న విషయం కాదు. మోకాళ్లు సహకరించక ముందుకి ఒంగి కూర్చుంటే సగం ఊపిరి అక్కడే పోతుంది. తుంటి కింద మడత పెట్టిన దుప్పటి వేసుకోండి, లేదా కుర్చీ అడగండి, నామోషీ ఏం లేదు.

పక్కవాద్యాలకి శ్రుతి ముందే చెప్పాలి, కచేరీ నాడు కాదు. హెచ్చు శ్రుతి మృదంగం సుమారు 22 అంగుళాలు, తగ్గు శ్రుతిది 24. మీరు ఐదు నుంచి నాలుగుకి దిగితే హెచ్చు మృదంగమే సర్దుకుంటుంది. మూడుకి దిగారంటే అది దానికి మరీ కింద, తగ్గు మృదంగానికి మరీ పైన. విద్వాంసుడు ఏ మృదంగం తేవాలో ఇంటి దగ్గరే తేల్చుకోవాలి. వయొలిన్‌కీ తీగలు మరీ వదులైతే నాదం పోతుంది, లావు తీగలు వేసుకొస్తారు.

దీనికి తోడు మన సముద్రపు గాలి. తేమకి తోలు వదులై మృదంగం శ్రుతి దిగుతుంది. చెమటలు కారే బయట నుంచి నేరుగా ఏసీ హాల్లోకి తెచ్చి శ్రుతి చేస్తే, తోలు ఆరుతూ కచేరీ నడిచినంతసేపూ శ్రుతి పైకెక్కుతుంటుంది. పిఠాపురం కాలనీ కళాభారతిలో పాడినా, సిరిపురం గురజాడ కళాక్షేత్రంలో పాడినా వాద్యాలు గంట ముందే లోపలికి చేరాలి. ఎడమ మూతకి పూసే బొంబాయి రవ్వ ముద్ద కూడా ఆ గాలికి ఆరిపోతుంది, మధ్యలో తడి చేసుకోవడానికి ఒక విరామం ఇవ్వండి. మీకూ ఊపిరి తిరుగుతుంది.

సినిమా పాటల ట్రాకుల మీద పాడేవాళ్లకి ఈ బాధ లేదు గానీ ఇంకోటి ఉంది. ట్రాకుని రెండు అరమెట్లు దించితే ఫరవాలేదు, మూడు దాటితే వేణువు బాకాలా, తబలా డబ్బాలా వినపడుతుంది. అంతగా దించాల్సి వస్తే కీబోర్డు మీద కొత్తగా వాయించిన ట్రాకు చేయించుకోవడమే దారి.

తిరిగొచ్చినవాళ్ల గొంతుని వేదిక మీద పాడు చేసేది చాలాసార్లు సౌండు. ఆర్కే బీచ్‌లో ఆరుబయట స్టేజి అనుకోండి. గోడలు లేవు, పైకప్పు లేదు. పాడిన నాదం తిరిగి చెవికి రాదు, అలల హోరు మాత్రం వస్తుంది. తన గొంతు తనకి వినపడకపోతే మనిషి తెలీకుండానే గట్టిగా పాడతాడు, రెండు పాటలకే గొంతు బిగుస్తుంది. అందుకని ముందు వైపు ఎన్ని స్పీకర్లున్నా సరే, మీ కాళ్ల దగ్గర మానిటర్ లేకపోతే పాడనని మొదటే చెప్పండి. అందులో మీ గొంతు, తంబురా, ఆ రెండే పెట్టమనండి. మృదంగం, రిథమ్ ప్యాడ్ ఎలాగూ పక్కనే వినపడతాయి. ఎకో మానిటర్‌లో వద్దనండి, అది శ్రుతి తప్పుని మీ దగ్గర దాచి జనానికి అప్పజెబుతుంది.

మైకు పట్టుకోవడంలోనూ పాత అలవాటు అడ్డొస్తుంది. అప్పట్లో స్టాండు మైకుకి అడుగు దూరంలో కూర్చుని పాడేవాళ్లు. ఇప్పుడు చేతికిచ్చేవి నోటికి దగ్గరగా పాడటానికి చేసినవి. నాలుగు వేళ్ల దూరం సరిపోతుంది. ఇంకా దగ్గరికి తెస్తే కింది స్థాయి ఉబ్బిపోయి మంద్రంలో మాట తెలీదు, దూరం జరిపితే ఆపరేటర్ వాల్యూమ్ పెంచుతాడు, స్పీకరు కీచుమంటుంది. జాలీని గుప్పెట్లో మూసినా అంతే. బీచ్‌లో అయితే మైకుకి స్పాంజి తొడుగు, పుస్తకానికి బట్టల క్లిప్పులు నాలుగు తప్పనిసరి. చరణం మధ్యలో గాలి పేజీ తిప్పిందంటే ఎంత కంఠతా వచ్చిన సాహిత్యమైనా ఆ క్షణాన ఎగిరిపోతుంది.

మొదటి కచేరీ నలభై నిమిషాలు. నిర్వాహకులు గంటన్నర ఇస్తామంటారు, దండం పెట్టి వద్దనండి. వర్ణం ఒక్క కాలంలో, తర్వాత చిన్న కీర్తన. పెద్ద రాగం కచేరీ మొదలైన పదిహేను, ఇరవై నిమిషాల మధ్య ఎత్తుకోవాలి, గొంతు బాగా వేడెక్కి ఇంకా అలవని సమయం అదే. ఆఖర్న తంబురా పంచమాన్ని మధ్యమానికి మార్చి మధ్యమ శ్రుతి (మధ్యమాన్నే షడ్జంగా పెట్టుకునే) కీర్తనలు రెండు, వాటికి పైకి వెళ్లే పని ఉండదు. సినిమా పాటల కార్యక్రమమైతే ఆరు పాటలు, అందులో మూడు యుగళగీతాలు. వరసగా రెండు పాటలు మీవే పడకుండా చూసుకోండి.

కార్యక్రమం అయ్యాక శాలువా కప్పుతారు, ఫోటోలంటారు, స్పీకర్లో పాట మోగుతుండగా చుట్టూ చేరి పలకరిస్తారు. పాడిన నలభై నిమిషాల కంటే ఆ హోరులో అరిచి మాట్లాడే పావుగంట గొంతుకి ఎక్కువ చేటు. నవ్వి దండం పెట్టి గ్రీన్‌రూమ్‌లోకి వెళ్లి స్ట్రాతో ఐదు నిమిషాలు 'ఊ' అనండి, కిందికి జారుతూ. మర్నాడు పొద్దున సన్న స్వరం పరీక్ష చెయ్యండి. రెండు రోజుల్లో గొంతు మామూలైతే మోతాదు సరిపోయినట్టు. నాలుగు రోజులు పడితే తర్వాతి కార్యక్రమానికి ఇంకో అరశ్రుతి దించండి, రెండింటి మధ్య పది రోజులు ఎడం పెట్టండి. ముఖ్యంగా దసరాల్లో, ఒకే వారంలో మూడు పందిళ్ల వాళ్లు ఫోన్ చేసినప్పుడు.